ఎడమచెవి దుద్దు క్లెయిము

నేను ఒక జతలో సగాన్ని. వివరంగా చెప్పాలంటే, ఏడు రవ్వలు పొదిగిన బంగారు దుద్దుల జతలో ఎడమచెవి దుద్దును. మధ్యన ఒక రవ్వ, దాని చుట్టూ ఆరు. వెనక సన్నని కాడ, కాడకు మర, ఆ మరకు బిగించే చిన్న శీల. పరిమాణంలో బాగా నానిన శనగగింజంత ఉంటాను. ఈ పోలిక ఊరికే చెప్పడం లేదు. ముందుముందు దీనితో పని ఉంది.

నేను పుట్టింది బందరులో. ఆ ఊరి చిలకలపూడి గిల్టు నగలకు పేరు. అలాంటి ఊళ్ళో అసలు బంగారం పని చేసేవాళ్ళకు కొంచెం పంతం ఎక్కువగా ఉంటుంది. మమ్మల్ని చేసిన పెదబ్రహ్మం గారికి మరీ ఎక్కువ. నాంచారమ్మ గారు తన తల్లి చేతి వంకీ ఒకటి తెచ్చి, కరిగించి దుద్దులు చేయమన్నారు. కరగక ముందు వంకీగా ఎలా ఉన్నానో నాకు గుర్తు లేదు. మనుషులకూ వెనకటి జన్మ గుర్తుండదంటారు కదా, అది తలచుకుని ఊరుకుంటాను. ముందుగా కుడిచెవి దుద్దు తయారైంది. మర్నాడు నేను. అందుకని అది నాకు అక్క.

నాంచారమ్మ గారి చెవులకు పాతికేళ్ళు ఉన్నాం. కొడుకు రంగనాయకులు గారి పెళ్ళయ్యాక ఆవిడ మమ్మల్ని కోడలు వేదవతి గారి చెవులకు పెట్టి, "ఇవి నావి కావు, నీవీ కావు. ఆ తల్లివి. మనం మోస్తున్నాం అంతే" అన్నారు. మోసేది వాళ్ళే అయినా వేలాడేది మేమే అనుకున్నాం అక్కా నేనూ. ఆ మాటలో నిజం మాత్రం ఉంది. ఏటా శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతం నాడు వేదవతి గారు మమ్మల్ని తన చెవుల నుంచి తీసి, కలశానికి కట్టిన వెండి అమ్మవారి ముఖానికి పెట్టేవారు. ఏడాదిలో ఒక్కరోజు లక్ష్మీదేవి చెవికి, మిగతా రోజులు బందరు గొడుగుపేటలో ఒక ఇల్లాలి చెవికి. రెండు చోట్లా బరువు ఒకటే. అమ్మవారి చెవి చల్లగా ఉండేది, ఈవిడ చెవి వెచ్చగా ఉండేది. అంతకు మించి తేడా నాకు తెలియలేదు. తెలుసుకోవాల్సిన తేడా ఇంకేమైనా ఉందేమో.

యాభై ఏళ్ళు వాడేసరికి నా కాడ మీది మర అరిగింది. శీల వదులైంది. వేదవతి గారు దానికి ఇళ్ళల్లో అందరూ చేసే పనే చేశారు. కాడకు సన్నని దారం నాలుగు చుట్లు చుట్టి, దాని మీద శీల బిగించారు. అది చాలా గట్టి ఏర్పాటు. కంసాలి దగ్గరకు వెళ్ళాల్సిన అవసరం ఆరేళ్ళపాటు రాలేదు.

మేడ మీద గది వేయడానికి రంగనాయకులు గారు బ్యాంకులో అప్పు తీసుకున్నప్పుడు, అప్పుతోపాటు ఇంటికి బీమా కూడా చేయించారు. ఏజెంటు చలపతి ఆ బీమాలో నగలు కూడా చేర్చాడు. విలువ కట్టే మనిషి ఒకాయన వచ్చి నన్నూ అక్కనూ కాటాలో పెట్టి, భూతద్దంతో చూసి, ఫొటో తీసి, కాగితం మీద 'ఒక జత' అని రాశాడు. నా జీవితంలో నా గురించి ఎవరైనా రాయడం అదే మొదలు.

నాంచారమ్మ గారు చలపతిని అడిగారు. "అయితే నాయనా, ఇక ఇవి పోవా?"

"పోకుండా చూసేది ఆ తల్లండీ మామ్మగారూ. పోతే చూసేది మేం."

"రెండు పనులూ ఆ తల్లే చూసుకోలేదంటావా?"

"చూసుకుంటుంది. కాకపోతే ఆవిడకు పాలసీ నంబరు ఉండదండీ" అని చలపతి నవ్వి, సంతకాలు పెట్టించుకుని వెళ్ళాడు.

ఆ ఏడు వ్రతం నాడు వేదవతి గారు తెల్లవారుజామునే తలంటుకుని, మమ్మల్ని పసుపునీళ్ళతో కడిగారు. అప్పుడు మొదటిసారిగా నా కాడకు ఉన్న దారం ఆవిడ కంట పడింది. ఆరేళ్ళుగా తన చెమట, తలనూనె పీల్చుకున్న దారం. ఇది అమ్మవారి చెవికి ఎలా పెడతాం అనుకున్నారు. విప్పేశారు. కొత్త దారం తెల్లటిది చుడదామని సూదిపెట్టె కోసం లేచారు. ఈలోగా పూర్ణాలకు పప్పు ఉడికిందని అత్తగారు పిలిచారు, మామిడాకులు తెచ్చిన మనిషి తలుపు కొట్టాడు. తిరిగి వచ్చాక ఆవిడ దారం మాట మరిచిపోయి, ఉత్త శీల బిగించి నన్ను అమ్మవారి ఎడమ చెవికి పెట్టి, దణ్ణం పెట్టుకున్నారు. శుభ్రత కోసం విప్పిన దారమే ఇంత పని చేసింది. భక్తి తక్కువై ఉంటే నేను పడేదాన్ని కాదు. ఈ విషయం నేను ఎన్నోసార్లు ఆలోచించాను. తప్పు ఎవరిదో తేల్చుకోలేకపోయాను.

సాయంత్రం పేరంటానికి తొమ్మిదిమంది ముత్తైదువులు వచ్చారు. అమ్మవారి ముందు పెద్ద ఇత్తడి బేసిన్ నిండా నానబెట్టిన శనగలు. ఎవరో చామంతిదండ తెచ్చి అమ్మవారి మెడలో వేశారు. దండ నన్ను ఒరుసుకుంటూ దిగింది. శీల ఊడి పీట మీద పడింది. నేను ముందుకు జారి, చప్పుడు లేకుండా శనగల్లో పడ్డాను. పడటం పడటం నా కాడ ఒక నానిన శనగలోకి దిగింది. పసుపుచేతులు శనగల్ని కలిపాయి. నా రవ్వల మీద పసుపు మందంగా పట్టింది. ఇప్పుడు చూసేవాళ్ళకు నేను నగను కాదు, కాస్త వంకరగా ఉన్న శనగను.

వేదవతి గారు ఒక్కొక్కరి కాళ్ళకూ పసుపు రాసి, తాంబూలంలో రవికెలగుడ్డ పెట్టి, దోసెడు శనగలు పోసి వాయనం ఇచ్చారు. "ఇస్తినమ్మ వాయనం." "పుచ్చుకుంటినమ్మ వాయనం." "నా వాయనం పుచ్చుకున్నది ఎవరు?" "నేనే మహాలక్ష్మిని." ఇలా తొమ్మిది సార్లు. ప్రతిసారీ శనగలు తగ్గుతున్నాయి, నేను అడుక్కు చేరుతున్నాను. అందరూ వెళ్ళాక, ఆ ఇంట్లో పదకొండేళ్ళుగా పనిచేస్తున్న నాగేంద్రం గిన్నెలు తోమి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"కూర్చోవే, నీకూ ఇవ్వాలిగా" అన్నారు వేదవతి గారు.

"నాకెందుకమ్మగారూ, ఆ శనగలు ఓ కవర్లో పోసియ్యండి చాలు."

"కవర్లో పోస్తే కిరాణా అవుతుంది, వాయనం అవదు. కాళ్ళు ఇలా పెట్టు."

నాగేంద్రం సిగ్గుపడుతూ కాళ్ళు చాపింది. బేసిన్‌లో మిగిలినవన్నీ ఆమె కొంగులోకి వెళ్ళాయి. నా వాయనం పుచ్చుకున్నది ఎవరని వేదవతి గారు అడిగితే, నాగేంద్రం తల వంచుకుని, "నేనేనండి, మాలక్ష్మిని" అంది. ఆ కొంగులో నేనూ ఉన్నాను.

నాగేంద్రం మూడిళ్ళల్లో పనిచేస్తుంది. మూడిళ్ళ వాయనాల శనగలూ కలిపితే రెండు కుంచాలైనాయి. అన్ని ఒక్కసారి తినలేరు కదా. రైల్వేగేటు అవతల వాళ్ళ ఇంటి ముందు పాతచీర పరిచి మూడు ఎండలు ఎండబెట్టి, రేకు డబ్బాలో పోసి మూత పెట్టింది. నా కాడను పట్టుకున్న శనగ ఎండి ముడుచుకుని నన్ను గట్టిగా బిగించింది. పెదబ్రహ్మం గారి శీల కూడా అంత గట్టిగా ఎప్పుడూ పట్టలేదు. అక్కడ నాలుగు నెలలున్నాను.

ఈ నాలుగు నెలల్లో గొడుగుపేట ఇంట్లో జరిగినవి నేను చూడలేదు. తర్వాత అక్క చెప్పింది. అక్క చెప్పినదాన్ని నేను నమ్ముతాను. అది చెవికి ఉండేది, అబద్ధం వినడం తప్ప ఆడటం నేర్చుకోలేదు.

వ్రతం మర్నాడు ఉద్వాసన చెప్పాక పూలన్నీ తీసి సంచిలో వేశారు. రంగనాయకులు గారు స్కూటరు మీద వెళ్ళి కాలువలో కలిపి వచ్చారు. ఆ తర్వాత వేదవతి గారు అమ్మవారి నగలు తీస్తుంటే ఎడమ చెవి బోసిగా కనిపించింది. పీట మీద శీల మాత్రం ఉంది. ఇల్లంతా ఊడ్చారు, చాపలు దులిపారు. పూలతోపాటు కాలువలో పోయిందేమో అన్నారు రంగనాయకులు గారు.

"శనగల్లో పడి, ఎవరి వాయనంలోనైనా వెళ్ళిందేమో అత్తయ్యా. ఫోన్ చేసి అడగనా?" అన్నారు వేదవతి గారు.

నాంచారమ్మ గారు తల అడ్డంగా ఊపారు. "వాయనం ఇచ్చాక అందులో ఏముందని అడక్కూడదమ్మా. అడిగితే ఇచ్చినట్టూ కాదు, వ్రతం చేసినట్టూ కాదు. పైగా, తీశావా అని అడిగినట్టే ఉంటుంది."

పది ఫోన్లు చేసి ఉంటే ఈ కథ ఆ పూటే అయిపోయేది. మర్యాద కొద్దీ ఆ ఫోన్లు చేయలేదు. దుద్దు కంటే వాయనం పెద్దదని వాళ్ళు అనుకున్నారు. అలా అనుకోవడం నాకు నచ్చింది కూడా. డబ్బాలో ఉన్నది నేను కాబట్టి పూర్తిగా నచ్చిందని మాత్రం అనలేను.

చలపతి ఆ సాయంత్రమే క్లెయిము ఫారం పట్టుకుని వచ్చాడు. పోయిన వస్తువు, పోయిన తేదీ, పోయిన తీరు. అన్నీ రాసుకుంటూ ఒక గడి దగ్గర ఆగాడు. 'ఎవరి మీదనైనా అనుమానం ఉన్నదా?'

"ఇక్కడ ఒక పేరు రాస్తే కాగితం పరిగెడుతుందమ్మా" అన్నాడు గొంతు తగ్గించి. "ఉత్తినే పోయిందంటే సవాలక్ష ప్రశ్నలు వేస్తారు. దొంగతనమంటే దారి సాఫీగా ఉంటుంది. ఇంట్లో ఎవరెవరు తిరుగుతారు?"

వరండాలో చీపురు చప్పుడు ఆగింది. గొంతు తగ్గించి అడిగే ప్రశ్నలు వరండా దాకా వినిపిస్తాయని మనుషులకు ఎందుకో తెలియదు.

"లేదు అని రాయండి" అన్నారు వేదవతి గారు.

"అది కాదమ్మా, ఊరికే ఫార్మాలిటీ. తర్వాత కేసు కొట్టేస్తారు."

"కొట్టేసేలోపు ఆ మనిషిని ఎన్నిసార్లు స్టేషన్‌కు పిలుస్తారు?"

రంగనాయకులు గారు, "వేదా, ఆయన చెప్పేది ఏమిటంటే..." అని మొదలుపెట్టారు.

"నిన్న పదిమంది కాళ్ళకు పసుపు రాశానండీ. ఇంకా గోళ్ళలోంచి పోలేదు, చూడండి. ఈ చేత్తో ఎవరి పేరు రాయమంటారు?"

గడిలో 'లేదు' అని పడింది. వరండాలో చీపురు మళ్ళీ నడిచింది.

కాగితం మీద లేదు అని రాయడం ఒకటి, మనసులో రాయడం ఇంకొకటి. మూడో రోజో నాలుగో రోజో నాగేంద్రం పెరట్లో వంగి గిన్నెలు తోముతుంటే, వేదవతి గారి చూపు ఆమె బొడ్లో దోపుకున్న గుడ్డసంచి మీదకు వెళ్ళి ఒక్క క్షణం అక్కడే ఆగింది. నాగేంద్రం తలెత్తింది. చేతులు కడుక్కుని, సంచి తీసి, గట్టు మీద తిరగేసింది. నాలుగు వక్కపలుకులు, ఒక పిన్నీసు, మాత్రల చీటీ.

"వక్కలండి" అంది. "పెట్టుకోమంటారా?"

ఆ క్షణాన వేదవతి గారి చెవి ఎర్రగా కాలిపోయిందని అక్క చెప్పింది. ఆవిడ లోపలికి వెళ్ళి, దేవుడి గదిలో చాలాసేపు కూర్చున్నారు. ఏమని మొక్కారో అక్కకు వినిపించలేదు. పైకి అనలేదు. ఆ రోజు నుంచి నాగేంద్రం పనిలోకి రాగానే సంచి విప్పి గట్టు మీద పెట్టి, వెళ్ళేటప్పుడు తీసుకుని వెళ్ళేది. పదకొండేళ్ళలో లేని అలవాటు. వద్దని చెప్పడానికి వేదవతి గారికి నోరు రాలేదు.

పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చారు. అక్కడి రైటరు కూడా అదే ప్రశ్న అడిగాడు, వీళ్ళు అదే జవాబు చెప్పారు. కొన్నాళ్ళకు 'వెతికినా దొరకలేదు' అని ఒక కాగితం ఇచ్చారు. ఆ తర్వాత బెజవాడ నుంచి కంపెనీ తరపున సర్వేయరు ఆనందరాజు గారు వచ్చారు. నెమ్మదైన మనిషి. చెప్పులు వీధిలోనే విప్పి, మంచినీళ్ళు అడిగి తాగి, అక్కను అరచేతిలో పెట్టుకుని పాత ఫొటోతో పోల్చారు. వ్రతం నాడు ఫోన్లో తీసిన ఫొటోలు చూశారు. దండ వేయకముందు నేనున్నాను, వేశాక లేను. శీలను భూతద్దం కింద పెట్టి, "శీల ఉంది కనుక దుద్దు ఉండేదని నమ్ముతాను. కానీ ఇది బిగిసే ఉండేదా?" అని అడిగారు.

చలపతి గట్టిగా దగ్గాడు. దారం సంగతి చెప్పొద్దని ముందే చెప్పి పెట్టాడు మరి.

"వదులేనండి" అన్నారు వేదవతి గారు. దారం చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం మరిచిపోవడం, మొత్తం చెప్పారు. చలపతి కిటికీలోంచి వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు.

ఆనందరాజు గారు కలం మూశారు. "వస్తువును తగిన జాగ్రత్తతో చూసుకోవాలని మా పాలసీలో ఉందండి. మీరు అజాగ్రత్తతో విప్పారా అంటే లేదు. జాగ్రత్త ఎక్కువై విప్పారు. దానికి మా ఫారంలో గడి లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను, పైవాళ్ళు చూసుకుంటారు." తర్వాత, "ఇంట్లో పనిచేసే మనిషి..." అన్నారు.

"కాగితంలో రాశానండి" అన్నారు వేదవతి గారు. ఈసారి ఆవిడ గొంతు కొంచెం చిన్నదిగా ఉంది. సంచి గుర్తొచ్చి ఉంటుంది.

పోయింది జతలో ఒకటే కనుక ఒకదాని విలువే వస్తుందని ఆయన చెప్పినప్పుడు నాంచారమ్మ గారికి కోపం వచ్చింది. "ఒక్క దుద్దు పెట్టుకుని ఎవరైనా వీధిలోకి వెళ్తారా నాయనా? ఒకటి పోతే రెండూ పోయినట్టే."

"నిజమే మామ్మగారూ. కానీ రెండోది ఇదిగో, నా చేతిలోనే ఉంది కదా. ఉన్నదానికి డబ్బిస్తే మా వాళ్ళు నన్ను ఇంటికి పంపేస్తారు."

ఆవిడ నవ్వేశారు. మా ఇద్దరి మధ్య ఉన్న బంధాన్ని సరిగ్గా సగానికి కోయవచ్చని ఆ రోజు తెలిసింది అంది అక్క.

పైవాళ్ళు ఏమనుకున్నారో ఏమో, దీపావళి ముందు క్లెయిము మంజూరైంది. ఇచ్చే ముందు ఒక కాగితం మీద వేదవతి గారి చేత సంతకం చేయించుకున్నారు. ఆ దుద్దు ఎప్పటికైనా దొరికితే కంపెనీకి చెప్పాలి. డబ్బు వెనక్కి ఇచ్చి దుద్దు ఉంచుకోవచ్చు, లేదా దుద్దు కంపెనీకి అప్పజెప్పవచ్చు. అంటే, రేకు డబ్బాలో శనగల మధ్య నేను కదలకుండా కూర్చుని ఉండగానే నా యజమాని మారిపోయాడన్నమాట. నన్ను ఎవరూ అడగలేదు. నగలను అడిగే అలవాటు ఎవరికీ లేదు.

అప్పటిదాకా అక్కను మెడలోని గొలుసుకు కట్టుకుని, చెవులకు చిలకలపూడి గిల్టు దుద్దులు పెట్టుకుని తిరిగిన వేదవతి గారు, ఆ డబ్బుతో పెదబ్రహ్మం గారి కొడుకు ఈశ్వరాచారి చేత అక్కకు జోడుగా ఇంకో దుద్దు చేయించారు. అది మాకు చెల్లెలు. మర కొత్తది, బాగా బిగుస్తుంది.

మార్గశిరమాసంలో ఒక గురువారం నాగేంద్రం గుగ్గిళ్ళు చేద్దామని డబ్బాలోని శనగలు గిన్నెలో పోసి ముందురోజే నానబెట్టింది. నీళ్ళు తగిలి నన్ను పట్టుకున్న శనగ ఉబ్బింది. పసుపు కరిగింది. పొద్దున ఆమె నీళ్ళు వంపుతుంటే కిటికీ వెలుతురు నా మీద పడింది. నాలుగు నెలల తర్వాత పడ్డ వెలుతురు. మెరవకుండా ఉండాల్సింది. నా చేతిలో లేదు.

నాగేంద్రం నన్ను తీసి చూసి గిన్నె పక్కనే కూలబడింది. మొదట ఆశ్చర్యం, తర్వాత భయం. గిలకలదిండి ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే ఆమె భర్త ఏడుకొండలు పళ్ళు తోముకుంటూ వచ్చి చూశాడు.

"ఇది ఆళ్ళదేనా?"

"అవును. శనగల్లో వచ్చింది."

"శనగల్లో వచ్చిందంటే ఎవడు నమ్ముతాడే? నాలుగు నెలలు దాచి, అమ్ముడుపోక తెచ్చిందంటారు. మూడిళ్ళల్లో పని పోద్ది. స్టేషన్‌కి నన్నూ పిలుస్తారు. గమ్మునుండు. కాలవలో పారేసి రా."

"కాలవలో పోయిందనేగా ఆళ్ళు అనుకుంటంది" అంది నాగేంద్రం నన్నే చూస్తూ.

"అందుకే చెప్తన్నా. ఆళ్ళ మాట నిజం చేసెయ్."

ఆమె నన్ను చాలాసేపు అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. ఆ చెయ్యి గరుకుగా ఉంది, సబ్బు వాసన వేసింది. మూడిళ్ళ గిన్నెలు తోమిన చెయ్యి. నన్ను కాలువలో పారేస్తే ఆమెకు పోయేది ఏమీ లేదు. తెచ్చి ఇస్తే ఉన్నదంతా పోవచ్చు. ఇది నాకు స్పష్టంగా తెలుసు. ఆమెకు నాకంటే బాగా తెలుసు.

"ఆ అమ్మగారు నా పేరు రాయలేదయ్యా" అంది చివరకు. "రాయమని ఆ మడిసి ఎంత చెప్పినా రాయలేదు. నేను ఇన్నాను."

"నీ సంచి చూసింది కూడా ఆవిడేగా!"

"చూసింది. రాయలేదు" అంది నాగేంద్రం, లేచి.

ఆ శనగల్నే గుడ్డలో మూటకట్టి, నన్ను పైన పెట్టి గొడుగుపేట వచ్చింది. నాంచారమ్మ గారు వరండాలో జపమాల తిప్పుతున్నారు. వేదవతి గారు తులసికోట దగ్గర ఉన్నారు. చెవులకు అక్క, చెల్లెలు.

"అమ్మగారూ, కొంగు పట్టండి" అంది నాగేంద్రం.

"ఏమిటే ఇది? ఇవాళ శుక్రవారం కూడా కాదు."

"పట్టండి ముందు. ఇస్తినమ్మ వాయనం."

వేదవతి గారికి ఏమీ అర్థం కాకపోయినా కొంగు పట్టి, "పుచ్చుకుంటినమ్మ వాయనం" అన్నారు. శనగలతోపాటు నేను ఆ కొంగులో పడ్డాను. కాడకు ఇంకా ఒక శనగ గుచ్చుకునే ఉంది.

జపమాల ఆగిపోయింది.

"మీరిచ్చిన శనగల్లోనే వచ్చిందండి. ఎండేశాను, డబ్బాలో పోశాను. నిన్న నానబెడితే ఇయ్యాల కనపడింది. ఇంతకంటే నాకు తెలవదు. నమ్మితే నమ్మండి, లేకపోతే స్టేషన్‌కి ఫోన్ చేసుకోండి. ఇక్కడే ఉంటా."

వేదవతి గారు నన్ను చూడలేదు. నాగేంద్రాన్నే చూశారు. "ఆ రోజు నీ సంచి వైపు చూశాను" అన్నారు. "కాగితం మీద లేదని రాసి, కళ్ళతో చూశాను. నాలుగు నెలల నుంచి ఆ మాట నీతో అనలేకపోతున్నాను."

"నాకు తెలుసండి. అందుకేగా సంచి విప్పి పెడతన్నా."

"ఇక పెట్టకే."

"అట్టాగేలెండి" అంది నాగేంద్రం, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ.

నాంచారమ్మ గారు తీరిగ్గా గొంతు సవరించుకున్నారు. "ఇంతకీ అది ఎవరిది? నువ్వు అమ్మవారి ముందు వాయనం ఇచ్చావు, ఇది పుచ్చుకుంది. నా లెక్కన ఆ దుద్దు నాగేంద్రానిది."

"నాకొద్దు మామ్మగారూ!" నాగేంద్రం నిజంగానే రెండడుగులు వెనక్కి వేసింది. "నా చెవికి ఏడు రవ్వలు పెట్టుకుని గిన్నెలు తోమితే, ఊరంతా గిన్నెలు మానేసి నా చెవే చూస్తది."

రంగనాయకులు గారు కొట్టు నుంచి వచ్చారు. సంగతి విని, కాసేపు నవ్వి, తర్వాత ఆలోచనలో పడ్డారు. "కంపెనీకి ఎలా తెలుస్తుంది? మనమేమీ వాడుకోవద్దు. అమ్మవారికే శాశ్వతంగా పెట్టేద్దాం. ఆవిడ చెవి నుంచే కదా పడింది."

ఆ మాట వేదవతి గారికి బాగా నచ్చింది. ఆవిడ మొహంలో వెలుగు నేను చూశాను. దేవుడికి ఇవ్వడం అనేసరికి అందరికీ ఆ వెలుగు వస్తుంది. నాకు మాత్రం ఒక సందేహం కలిగింది, ఎవరి వస్తువు ఎవరు ఎవరికి ఇస్తున్నారని. అదే సందేహం ఆవిడకూ వచ్చినట్టుంది, నెమ్మదిగా ఆ వెలుగు తగ్గింది.

"దొరికితే చెబుతానని సంతకం పెట్టానండీ" అన్నారు. "నాగేంద్రం ఇంత భయపడుతూ కూడా నిజం చెప్పడానికి వచ్చింది. నేను దేవుడి గదిలో దాన్ని దాచి పెట్టనా?"

చెల్లెలిని చేయించడానికే డబ్బంతా అయిపోయింది. వెనక్కి ఇవ్వడానికి లేదు. కనుక నన్నే అప్పజెప్పాలి. ఆనందరాజు గారికి ఫోన్ చేశారు. ఆయన వస్తారనగానే నాగేంద్రం మళ్ళీ బిగుసుకుపోయింది. "నా పేరు రాస్తారా అమ్మగారూ? రాయకుండా కుదరదా?" అని మూడుసార్లు అడిగింది.

ఆయన వచ్చారు. చలపతి కూడా వెనకే వచ్చి ఒక మూల నిలబడ్డాడు. ఆనందరాజు గారు నాగేంద్రాన్ని కుర్చీలో కూర్చోమన్నారు. ఆమె ఆ ఇంట్లో కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి, అంచు మీదే కూర్చుంది. వాయనం దగ్గర నుంచి ఎండబెట్టడం, నానబెట్టడం దాకా ఆమె చెప్పింది. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. నా కాడను భూతద్దం కింద పెట్టి, మరలో ఎండిన పసుపు, గుచ్చుకున్న శనగ చూశారు.

"ఈ శనగ తీయొద్దు. ఇది ఆధారం" అన్నారు. తర్వాత ఫారం తీశారు. 'ఎవరి ద్వారా దొరికినది' అన్న గడి దగ్గర కలం పెట్టి, "మీ పూర్తి పేరు చెప్పండమ్మా" అన్నారు.

నాగేంద్రం వేదవతి గారి వైపు చూసింది. "మొదటి కాగితంలో నా పేరు లేదన్నారు కదండీ?"

"లేదమ్మా. ఆ కాగితంలో అడిగిన ప్రశ్న వేరు" అన్నారు ఆనందరాజు గారు. "ఇందులో అడిగిన దానికి జవాబు మీరే. మీ పేరు రాయకపోతే ఇది అబద్ధమవుతుంది."

"గుర్రాల నాగేంద్రమండి" అంది. అంతటితో ఆగలేదు. "చలపతి గారూ, మీరు కూడా ఇనండి. గుర్రాల నాగేంద్రం."

చలపతి నేల చూపులు చూశాడు. నాంచారమ్మ గారు జపమాల కళ్ళకద్దుకున్నారు. ఆనందరాజు గారు ఆ పేరును పెద్ద అక్షరాలతో, తీరిగ్గా, ఒత్తులు ఎక్కడా కలవకుండా రాశారు. ఆమె చదువుకోలేదు. రాసిన చోటు మీద వేలు పెట్టి, ఇదేనా అని అడిగి, ఇదే అంటే వేలు తీసింది.

వేదవతి గారు నన్ను ఆఖరిసారి కళ్ళకద్దుకున్నారు. ఆవిడ చెవి దగ్గరకు వెళ్ళినప్పుడు అక్క ఈ సంగతులన్నీ గబగబా చెప్పింది. కొత్త చెల్లెలు మాత్రం నన్ను ఎగాదిగా చూసింది. కొత్త కదా.

ఇప్పుడు నేను బెజవాడలో కంపెనీ ఆఫీసు ఇనుప బీరువాలో, మూసిన ప్లాస్టిక్ సంచిలో ఉన్నాను. నా పక్కన ఒక ముళ్ళు లేని గడియారం, కొక్కెం తెగిన గొలుసు, ఎవరిదో కాలి మెట్టె. అందరమూ ఒకప్పుడు పోయినవాళ్ళం, డబ్బు ఇచ్చాక దొరికినవాళ్ళం. ఏదో ఒక రోజు అందరినీ కలిపి అమ్ముతారట. నన్ను ఎవరైనా కొంటే, ఒంటిగా ఉన్నాను కనుక కరిగిస్తారు. వంకీ సంగతి మరిచిపోయినట్టే దుద్దు సంగతీ మరిచిపోతాను. అందుకే ముందుగా చెబుతున్నాను.

అమ్మవారి దాన్నా, వేదవతి గారి దాన్నా, నాగేంద్రం దాన్నా, కంపెనీ దాన్నా అన్నది నేను ఇంకా తేల్చుకోలేదు. ఇక్కడ తీరిక చాలా ఉంది, ఆలోచిస్తున్నాను. నా కాడకు ఆ శనగ ఇంకా ఉంది. మళ్ళీ ఎండి, నన్ను గట్టిగా పట్టుకుంది. సంచికి కుట్టిన కాగితం మడత నా వైపే తిరిగి ఉంది. బీరువా తలుపు తెరిచినప్పుడల్లా కాస్త వెలుతురు వస్తుంది. ఆ వెలుతురులో ఒక పేరు కనిపిస్తుంది. పెద్ద అక్షరాలు, ఒత్తులు ఎక్కడా కలవలేదు.